మాండొలిన్ శ్రీనివాస్ కచేరీలు: క్రొత్తగా వినువారికొక మాట

కచేరీ యనగానే మన యిండ్లలో పెక్కుమంది స్త్రీలు అది తమకొఱకు కాదని ప్రక్కకు తొలగుదురు. సంగీతము నేర్చినవారికే కచేరీ తెలియునని కొందఱి భావము. నేర్చినవారికి మాత్రము సాయంకాలము ఆఱు గంటలకు సభకు పోవు వీలెక్కడిది? ఆ వేళకే పొయ్యి వెలిగింపవలెను. పిల్లల చదువు చూడవలెను. పెద్దలకు ఫలహారము సమకూర్పవలెను. ఇక మావలె కొండలలో కాపురముండువారికి సభయే లేదు. మేముండు డుంబ్రిగుడ అరకులోయకు చేరువనున్న మన్యపు గ్రామము. కచేరీ వినవలెనన్న కనుమ దిగి విశాఖపట్టణమునకో విజయనగరమునకో పోవలెను. అయినను గడచిన యొక సంవత్సరముగా మేము ఇంచుమించు ప్రతిదినము కచేరీ వినుచున్నాము. సభయే మా వంటయింటి గడపకు వచ్చినది.

కచేరీ జరుగుచుండగా, శ్రోతల నడుమ, ఉన్నది యున్నట్లుగా పట్టిన రికార్డులు నేడు సెల్‌ఫోనులోనే దొరకుచున్నవి. వానిలో మేము పట్టుదలతో వినినవి మాండొలిన్ శ్రీనివాస్ గారి కచేరీలు. మాకు సంగీతశాస్త్రము తెలియదు. ఇంటియొద్ద పెద్దల చెంత కావ్యములు చదువుకొంటిమే గాని స్వరము పట్టి పాడినవారము కాము. కావున ఇది పండితవిమర్శ గాదు. క్రొత్తగా వినుచున్నవారు, ఇంకను వినని తోబుట్టువులకు చెప్పుకొను మాట మాత్రమే.

మొదట ఆ కళాకారుని గూర్చి నాలుగు మాటలు. ఉప్పలపు శ్రీనివాస్ గారు 1969 ఫిబ్రవరి 28వ తేదీన పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిరి. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాద్యకారులు. ఇంటనున్న తండ్రిగారి మాండొలిన్‌ను ఆ బాలుడు ఆఱేండ్ల ప్రాయముననే చేతబట్టెను. చెంబై వైద్యనాథ భాగవతారు గారి శిష్యులైన రుద్రరాజు సుబ్బరాజు గారు గురువులైరి. ఇందొక చిత్రము కలదు. గురువుగారికి మాండొలిన్ వాయించుట తెలియదు. వారు నోట పాడుదురు. శిష్యుడు దానిని విని తీగెలమీద పలికించును. చేతిని చూచి నేర్చిన విద్య కాదిది, చెవితో నేర్చిన విద్య. ఆ వాద్యము పాడుచున్నట్లు వినబడుటకు ఇదియే మూలమని మాకు తోచినది.

మాండొలిన్ మన దేశపు వాద్యము గాదు, ఐరోపానుండి వచ్చినది. దాని తీగె మీటినంతనే ధ్వని పుట్టి, అంతలోనే అణగిపోవును. మన సంగీతమునకో, గమకము ప్రాణము. స్వరమును ఊపవలెను, జార్పవలెను, ఒక స్వరమునుండి మఱొక స్వరమునకు తెగకుండ సాగదీయవలెను. వీణకు చెల్లిన యీ పని మెట్లు దగ్గఱగానుండు చిన్న మాండొలిన్‌కు సాధ్యముగాదని తలంచినవారు పెక్కుమంది. శ్రీనివాస్ గారు విద్యుత్తుతో పలుకు మాండొలిన్‌ను గ్రహించి, జంటజంటలుగా నాలుగు వరుసలుండు తీగెలకు మాఱుగా ఒంటి తీగెలైదింటిని బిగించి, దానిని కర్ణాటక సంగీతమునకు లొంగదీసిరి. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవమున తొలి కచేరీ చేయునప్పటికి వారికి తొమ్మిదేండ్లు. 1981లో మద్రాసున వాయించిరి. 1983లో, పదునాలుగేండ్ల ప్రాయమున, జర్మనీలోని బెర్లిన్ జాజ్ ఉత్సవమున వాయించిరి. 1998లో పద్మశ్రీ వచ్చినది. 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలువదియైదవ యేట, చెన్నైలో కన్నుమూసిరి.

ఆ తేదీని చదువరులు మనసున నుంచుకొనవలెను. ఇకమీద శ్రీనివాస్ గారి క్రొత్త కచేరీ లేదు. జరిగినవి జరిగినవే. వానిలో ఎవరో యొకరు యంత్రము పెట్టి పట్టినవి మాత్రము మిగిలినవి. పట్టనివి ఆనాటి శ్రోతల చెవులతోడనే పోవుచున్నవి.

కచేరీలో పట్టిన రికార్డుకును, గదిలో కూర్చుండి సిద్ధపఱచిన రికార్డుకును భేదమేమి? మన అమ్మమ్మల నాటి గ్రామఫోను పళ్లెమునకు ఒక్కొక ప్రక్క మూడు నాలుగు నిమిషముల కాలము మాత్రముండెడిది. విజయనగర సంగీత కళాశాలలో 1919లో ఆచార్యులై, 1936లో అధ్యక్షులైన ద్వారం వేంకటస్వామినాయుడు గారంతటి ఫిడేలు విద్వాంసులును ఆ కొలతకు తమ రాగమును కుదించుకొనవలసి వచ్చెను. ఆ పళ్లెములు లేకున్న నాటి నాదము మనకు దక్కెడిది కాదు, వానికి నమస్కారము. కాని మూడు నిమిషములలో దక్కునది పూవు, తోట కాదు. తరువాత వచ్చిన టేపుయంత్రము గంటల తరబడి ఆగకుండ తిరుగనేర్చెను. అప్పుడే కచేరీ మొదలునుండి మంగళము వఱకు పట్టుపడినది.

అందులో అన్నియు వినబడును. తీగె శ్రుతి చేసికొనుట, గొంతు సవరించుకొనుట, ఎవరో పిల్లవాడు ఏడ్చుట, ముందు వరుసలోని పెద్దమనిషి శభాషని మెచ్చుట, ఫిడేలు వాయించువారు ప్రధాన విద్వాంసుని మాటకు బదులు చెప్పగా సభ యంతయు ఒక్కపెట్టున నవ్వుట. గదిలో పట్టిన రికార్డునందు తప్పు దొరలినచో చెఱిపి మరల వాయింతురు. కచేరీలో చెఱుపు లేదు. అడుగు పెట్టిన పిమ్మట ముందునకు పోవలసినదే. విద్వాంసుడు సాహసించి ఎక్కడికో పోయి, తాళము తప్పకుండ తిరిగి వచ్చినాడా లేదా యని శ్రోత ఊపిరి బిగపట్టును. ఆ బిగువు ఆ రికార్డులో నేటికిని చెడక యున్నది.

ఇది మన తెలుగువారికి క్రొత్త రుచి కాదు. మనకు అవధానము కలదు. ఎనమండ్రుగురు పృచ్ఛకులు చుట్టును కూర్చుండి, ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి యీయగా, అవధాని అప్పటికప్పుడు పద్యములల్లును. తిరుపతి వేంకటకవుల అవధానములను గూర్చి మన పెద్దలు కథలుగా చెప్పుకొనెడివారు. ఆ పద్యములు అచ్చులో చదివిన సంతోషము వేఱు, సభలో కూర్చుండి రెండవ పాదము తరువాత మూడవ పాదమెట్లు వచ్చునాయని నిరీక్షించిన సంతోషము వేఱు. కచేరీలో స్వరకల్పన సరిగా ఇట్టిదే. కీర్తనలో ఒక చోటు నిర్ణయింపబడి యుండును. విద్వాంసుడు సరిగమలతో మనసుకు తోచినట్లు విహరించి, మరల సరిగా ఆ చోటికే వచ్చి వ్రాలవలెను. నిషిద్ధాక్షరివలె రాగము కొన్ని స్వరములను కాదనును. ఛందస్సువలె తాళము కట్టుబాటు విధించును. ఆ కట్టుబాటులోని స్వేచ్ఛయే మనోధర్మమని శాస్త్రజ్ఞులందురు.

ఈ మనోధర్మమునకు చోటులు నాలుగైదు కలవు. వీనిని గుర్తుపట్టిన చాలును, కచేరీ మనకు అపరిచితముగా నుండదు. మొదటిది ఆలాపన, కీర్తనకు ముందు తాళము లేక, మాటలు లేక, రాగపు రూపమును కొంచెము కొంచెముగా తెఱ తీసి చూపుట. రెండవది నెరవు, కీర్తనలోని ఒక్క పంక్తిని గ్రహించి, ఆ మాటలనే పలువిధముల త్రిప్పి త్రిప్పి పలుకుట. మూడవది పైన చెప్పిన స్వరకల్పన. నాలుగవది తని ఆవర్తనము. ప్రధాన విద్వాంసుడు చేతులు ముడిచి కూర్చుండగా మృదంగము, ఘటము, కంజీర మొదలగునవి తమలో తాము సంభాషించుట. దీర్ఘమైన కచేరీలలో రాగము, తానము, పల్లవి యను విస్తారమైన అంశము కూడ నుండును. ఇవి యెల్ల నాటి రాత్రికి నాడు పుట్టునవి. వ్రాసి పెట్టుకొని వచ్చునవి కావు.

క్రొత్తవారు ఎక్కడ మొదలుపెట్టవలెను? మూడు గంటల కచేరీని మొదటినాడే ఆసాంతము వినబూనుట ఆకలి లేనివారికి విందుభోజనము పెట్టినట్లు. మేమనుసరించిన క్రమమును చెప్పుచున్నాము; నచ్చినవారు పాటింతురుగాక. మొదటి వారము కచేరీ చివర వాయించు చిన్న అంశములను వినవలెను. అవి కొద్ది నిమిషములలో ముగియును, చెవికి తేలికగా నుండును. రెండవ వారము మొదటి అంశములు: వర్ణము, వెనువెంటనే గణపతి కీర్తన. ఇందు హంసధ్వని రాగము తఱచుగా వచ్చును. దానికి స్వరములైదే. మోహనమునకును ఐదే. స్వరములు తక్కువగానున్న రాగములను మనము త్వరగా ఆనవాలు పట్టగలము. ఒకసారి మోహనము చెవికెక్కినచో, ఎక్కడ విన్నను పుట్టింటివారిని చూచినట్లుండును. అటు పిమ్మట మూడవ వారము ప్రధాన కీర్తనకు పోవచ్చును. అది యొక్కటియే ముప్పావుగంటయు, కొన్ని వేళల గంటయు సాగును. దానిని ముక్కలు చేయకుండ వినవలెను.

తాళము వేయుట నేర్చిన వినికిడి రెట్టింపు రుచించును. ఆదితాళమునకు ఎనిమిది లెక్కలు. అరచేతితో ఒక దెబ్బ, పిదప చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు, నడిమివ్రేలు, అచ్చటికి నాలుగు. మరల ఒక దెబ్బ, ఒక విసురు, ఇంకొక దెబ్బ, ఇంకొక విసురు, అచ్చటికి ఎనిమిది. ఇంతియే. మొదట తప్పును, పదిసార్లు తప్పిన పిదప కుదురును. తని ఆవర్తనము చివర మృదంగమువారు ఒకే ముక్తాయింపును మూడుమారులు వాయించి కీర్తన యెత్తుగడకు చేరునప్పుడు, మన చేయియు సరిగా అచ్చటనే పడినచో కలుగు ఆనందమును మాటలతో చెప్పుటకన్న అనుభవించి చూచుట మేలు.

మనకొక గొప్ప సౌకర్యము కలదు. త్యాగరాజస్వామి కీర్తనలలో అధికభాగము తెలుగు. తమిళదేశమున పుట్టి పెరిగిన శ్రోతలు అర్థము అడిగి తెలిసికొనవలసిన మాటలు మనకు ఉగ్గుపాలతో వచ్చినవి. మాండొలిన్ మాటలు పలుకదు గదా, సాహిత్యముతో పనియేమి యని అడుగవచ్చును. పని కలదు. కీర్తన సాహిత్యమును ముందుగా ఒకసారి చదువుకొని పిదప వాద్యము వినిన, తీగె ఏ అక్షరముమీద నిలిచినదో, ఏ సంబోధనకు కరగినదో మనకు స్పష్టముగా తెలియును. నోటితో పాడి నేర్పిన గురువుగారి శిష్యులు గనుక శ్రీనివాస్ గారి వాద్యములో మాటల విరుపు చెడదు.

ఇక ఈ వ్యాసమునకు ముఖ్యమైన మాటకు వచ్చుచున్నాము. ఒక కీర్తనను ఒకమారు వినినచో విన్నట్లు కాదు. శ్రీనివాస్ గారి బాల్యమునాటి కచేరీలు కొన్ని, నడివయసు కచేరీలు కొన్ని దొరకును. ఒకే కీర్తనను రెండింటను వినుడు. బాలుడు మెఱపువలె పరుగెత్తును. వ్రేళ్లు తీగెలమీద నిలువవు. సభ ఆశ్చర్యముతో చప్పట్లు చఱచును. నడివయసునాటికి ఆ వేగము చేతిలో నుండియు, దానిని చెంగున ముడివైచుకొని, ఒక్క స్వరముమీద తడవుగా నిలిచి, దానిని మెల్లగా ఊపి, విడువలేక విడిచినట్లు విడుచును. కీర్తన అదియే, తాళమదియే, మనిషి మాఱినాడు. మొదటిది మేలా, రెండవది మేలా యని తేల్చుట మన పని గాదు. రెండును నిజమే. వాల్మీకి కథనే రంగనాథ రామాయణము ద్విపదలో చెప్పినది, భాస్కర రామాయణము చంపువుగా చెప్పినది, మొల్ల తనదైన తీరున తేట మాటలలో చెప్పినది. రాముడు అరణ్యమునకు పోవునని ఎఱిగియే మనము ప్రతి రామాయణమును చదువుదుము గదా!

ఈ సత్యమును గ్రహించుటకు గృహిణికన్న అర్హులెవరు? ప్రతిదినము మనము పప్పు వండుదుము. కందిపప్పు అదియే, చింతపండు అదియే, చేయి అదియే. అయినను నిన్నటి పప్పు నేటి పప్పు గాదు. నిన్న పోపు ఒకింత ముందుగా దింపితిమి. నేడు వాన పట్టి కట్టెలు నిదానముగా మండినవి. నేడు బిడ్డకు జ్వరమని మనసు మనసులో లేదు. తినువారు గమనింపకపోవచ్చును, వండిన చేతికి తెలియును. ఒకే పనిని దినదినము క్రొత్తగా చేయుట యెంతటి విద్యయో కచేరీ రికార్డులు మాకు గౌరవముతో తెలియజేసినవి. ‘రోజూ అదే గదా’ యను మాట ఇప్పుడు మా చెవికి మునుపటివలె వినబడుట లేదు.

ఇట్లు ఒకే పాటను రాత్రికొక తీరున వాయించి, ఆ భేదములను పోల్చి చూచుకొను శ్రోతలు పాశ్చాత్యదేశములందును కలరు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1965లో పుట్టిన గ్రేట్‌ఫుల్ డెడ్ అను వాద్యబృందము 1995లో తన నాయకులలో నొకడైన జెర్రీ గార్షియా మరణించువఱకు రెండువేలకు పైగా కచేరీలు చేసినది. ఏ రాత్రి ఏ పాట ఎంతసేపు సాగునో వారికే తెలియదు. ఆ బృందమువారు శ్రోతలు తమ యంత్రములతో కచేరీని పట్టుకొనుటను అడ్డగింపక, 1984లో అట్టివారికై సభలో ప్రత్యేకస్థలమును గూడ ఏర్పఱచిరి. ఆ టేపులను అమ్ముకొనక, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొనుట అక్కడి మర్యాద. 1977 మే 8వ తేదీన కార్నెల్ విశ్వవిద్యాలయమున జరిగిన వారి కచేరీ రికార్డును అమెరికా జాతీయ గ్రంథాలయము భద్రపఱుపదగిన ధ్వనుల పట్టికలో చేర్చినది. ఒక రాత్రి పాటను ఒక దేశము శాసనమువలె దాచుకొన్నది!

ఆ బృందమునకును మన పాలకొల్లు విద్వాంసునకును నడుమ ఒక్క మనిషియే వంతెన. ఆయన తబలా విద్వాంసులు జాకీర్ హుస్సేన్ గారు. గ్రేట్‌ఫుల్ డెడ్ బృందమున డోళ్లు వాయించు మిక్కీ హార్ట్‌తో కలిసి వారు 1976లో దిగా రిథమ్ బ్యాండ్ అను పేర ఒక రికార్డు వెలువరించిరి. అంతకు మునుపే, ఇంగ్లండు దేశీయుడైన గిటారు విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్, ఫిడేలు ఎల్. శంకర్, ఘటము వినాయకరామ్ గారలతో కూడి శక్తి యను బృందమును నడపిరి. శక్తివారి మొదటి రికార్డే 1975 జూలై 5వ తేదీన న్యూయార్కు రాష్ట్రమున కచేరీలో పట్టినది. పెక్కేండ్లకు ఆ బృందము రిమెంబర్ శక్తి యను పేర పునరుద్ధరింపబడినపుడు అందు శ్రీనివాస్ గారు చేరిరి.

ఆ బృందపు కచేరీ రికార్డులు రెండింటిని మేము చదువరులకు సూచింపగలము. 2000లో వెలువడిన ది బిలీవర్ ఒకటి. 2001లో వెలువడిన సాటర్డే నైట్ ఇన్ బాంబే మఱొకటి. ఈ రెండవదానిలో త్యాగరాజస్వామి బంగాళ రాగమున రచించిన గణపతి కీర్తన గిరిరాజసుతా తనయ వినబడును. శంకర్ మహాదేవన్ గారు పాడుచుండ, గిటారు, తబలా, మాండొలిన్ కూడి దానిని నడపిన తీరు వినిన పిదప, అదే కీర్తనను సంప్రదాయపు కచేరీలోనిదిగా వినుడు. తిరువయ్యారునుండి బొంబాయి వఱకు ఒక పాట నడచిన దారి చెవికి గోచరించును. జాకీర్ హుస్సేన్ గారును 2024 డిసెంబరులో పరమపదించిరి. ఆ యిరువురును ఎదురెదురుగా నవ్వుకొనుచు వాయించిన రాత్రులు రికార్డులలోనే యున్నవి.

ఇంతదూరము తిరిగి మా డుంబ్రిగుడకు వత్తము. ఇచ్చటి కొండ గూడెములలో థింసా ఆట ప్రసిద్ధము. స్త్రీలు ఒకరి వెనుక చేయి యొకరు పట్టుకొని వలయముగా నిలిచి, డప్పు, తుడుము, మోరి, కిరిడి, జోడుకొమ్ముల నాదమునకు అడుగులు వేయుదురు. ఇందు బోడ థింసా, గుండేరి థింసా, పొతర్ తోల థింసా, బాగ్ థింసా యని పెక్కు తెఱగులున్నవి. ఆకులు ఏఱుట ఒకదానిలో, పులి రాక మఱొకదానిలో కానవచ్చును. చైత్రమాసపు పండుగనాడు గూడెములో ఆడునది గంటలకొలది సాగును. యాత్రికులకు చూపునది కొద్ది నిమిషములలో ముగియును. గ్రామఫోను పళ్లెమునకును పూర్ణమైన కచేరీకిని గల భేదమే ఇచ్చటను కలదు.

ఒక సంతరోజున, ఇంటికి వచ్చిన ఒక గూడెపు స్త్రీ మేము వినుచున్న తని ఆవర్తనమును విని గడపలో కూర్చుండిపోయినది. ఆమె థింసా ఆడు చేయి. కొంతసేపటికి, ‘అమ్మగారూ, మా తుడుములోళ్లూ ఇంతే. ఒకడు ఆపినచోట ఇంకొకడు ఎత్తుకుంటాడు’ అన్నది. వాయించినవారెవరని అడిగినది. ఆయన గతించి చాలయేండ్లైనదని చెప్పితిమి. ఆమె కొంచెము తడవు మాటలాడలేదు. పిదప, ‘ఆ బాబు పోయినా పాట ఉన్నది. మా తాత మోరి ఊదేవాడు. నాలుగు గూడేలవాళ్లు వచ్చి వినేవారు. ఆయన పాట ఏదీ?’ అన్నది.

ఆ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు. సభలుగల పట్టణములలో యంత్రములుండెను, వానిని కొనగల శ్రోతలుండిరి. కావున అక్కడి రాత్రులు నిలిచినవి. కొండమీది రాత్రులు గాలిలో కలిసినవి. ఆ మోరి నాదమునకు మనోధర్మము తక్కువైనదా? తాళము తక్కువైనదా? తక్కువైనది పట్టుకొను చేయి యొక్కటే. నేడు ప్రతి యింటను సెల్‌ఫోను కలదు, గూడెములలోను కలదు. ఆ స్త్రీ కుమారుడు రాబోవు చైత్రపు పండుగనాడు వాద్యకారుల అనుమతితో ఆటను మొదటినుండి తుదివఱకు పట్టెదనని పూనుకొన్నాడు. వాయించువారి పేర్లును, గూడెము పేరును, తేదీయును ముందుగా నోట చెప్పించి మఱి పట్టుమని మేము చెప్పితిమి. పేరులేని రికార్డు తల్లిదండ్రులు తెలియని బిడ్డవంటిది.

చదువరులలో పెక్కుమంది యిండ్లలోను ఇట్టి నిధులుండును. తాతగారో, మేనమామగారో శ్రమపడి పట్టిన కచేరీ కాసెట్టులు పెట్టెల యడుగున పడియుండును. తేమ తగిలిన టేపునకు బూజు పట్టును, పొర రాలిపోవును; మా కొండ తేమలో నది మఱింత త్వరగా జరుగును. వానిని ఎండ తగులని పొడి చోట నిలువుగా పేర్చవలెను. బూజు పట్టినదానిని యంత్రములో పెట్టక, తెలిసినవారిచే శుభ్రపఱపింపవలెను. ఆడుచున్నదానిని వెంటనే సెల్‌ఫోనులోనికో కంప్యూటరులోనికో ఎక్కించి, రెండు ప్రతులు రెండు చోట్ల దాచవలెను. అట్టమీద వ్రాసిన తేదీ, ఊరు, ప్రక్కవాద్యముల పేర్లు విడువక వ్రాసికొనవలెను. అమ్మకమునకు పెట్టుట మాత్రము కూడదు. అది విద్వాంసుల కష్టార్జితము. వారి అనంతరము వారి కుటుంబమునకు చెందునది. అంగడిలో దొరకు రికార్డులను కొనియే వినుట న్యాయము.

తుదకొక మాట. ఇల్లాలికి కచేరీయేమి, అరగంట ఊరక కూర్చుండుటయేమి యని అనువారింకను కలరు. బెంగుళూరు నాగరత్నమ్మగారు తన యార్జన వెచ్చించి తిరువయ్యారున త్యాగరాజస్వామికి మందిరము కట్టించియు, అచ్చటి ఉత్సవమున స్త్రీలు పాడుటకై యేండ్ల తరబడి పోరాడవలసి వచ్చెను. 1940 ప్రాంతమునకు గాని ఆ హక్కు సిద్ధింపలేదు. పాడుటకే అంత పోరాటమైనపుడు, వినుటకు కొంత పట్టుదలయైన మనకుండవలదా? పనిచేయుచు వినుట మంచిదే. బియ్యము ఏఱుచు, కూర తఱుగుచు చిన్న కీర్తనలు వినవచ్చును. కాని ఆలాపనకు మాత్రము చేతులు ఖాళీగా నుండవలెను. దినమునకు అరగంట, ఇంటివారికి ముందుగా చెప్పి, ఒక చాప పఱచుకొని కూర్చుండుడు. ఆడపిల్లను ప్రక్కన కూర్చుండబెట్టుకొని తాళము వేయించుడు. మొదటి నాలుగు దినములు ఇంటివారు వింతగా చూతురు. ఐదవనాడు వారిలో నొకరు తామును వచ్చి చాప అంచున కూర్చుందురు. రికార్డులోని సభకు మఱొక వరుస చేరినట్లే.